తెలుగులో థెరపీ అని ప్యాకేజీ కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

యాప్ పేరు రాయను. మనవాళ్ళు ఉన్న ప్రతి చోటా యాడ్ వేస్తున్నారు కాబట్టి రాయక్కర్లేదు కూడా. ముగ్గు బొమ్మ, కాఫీ గ్లాసు పట్టుకున్న అమ్మాయి, కింద "విదేశాల్లో ఉన్న మన తెలుగువారి కోసం ప్రత్యేకం". ఆ, అదే. ఆ ప్రత్యేకం ఏంటో రేటు దగ్గర తెలుస్తుంది లెండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

నిన్న జరిగింది. ఇంకా ఒళ్ళు మండిపోతూనే ఉంది. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ఉండేది బెర్లిన్‌లో. నాన్న పోయారు. టికెట్ దొరికి నేను ఇంటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగొచ్చాక నిద్ర పోయింది, తిండి పోయింది. ఇంగ్లీషులో మాట్లాడే ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. మంచావిడే. కానీ ఇక్కడ మనిషి పోయాక అంత్యక్రియలకి వారమో రెండు వారాలో పట్టడం మామూలు. కూతురు వచ్చేదాకా ఎందుకు ఆగలేదు, పెదనాన్న చెబితే తమ్ముడు ఎందుకు ఎదురు చెప్పలేదు, ఇవన్నీ ఆవిడకి వివరించడానికే గంట అయిపోయేది. నేను ఏడవడానికి టైమే మిగిలేది కాదు.

మా టీమ్‌లో ఇజ్మీర్ నుంచి వచ్చిన టర్కీ అమ్మాయి ఉంది. తనకి మాత్రం ఒక్క ముక్కలో అర్థమైపోయింది, వాళ్ళలోనూ మర్నాటికల్లా ఖననం అయిపోతుందట. "నీ భాషవాళ్ళని వెతుక్కో" అని సలహా ఇచ్చింది తనే. తనకి నెలల తరబడి ఆగాక బెర్లిన్‌లోనే క్రోయిట్స్‌బెర్గ్ ఏరియాలో టర్కిష్ మాట్లాడే థెరపిస్టు దొరికారు, అదీ పబ్లిక్ ఇన్సూరెన్స్ మీద. వాళ్ళకి ఆ ఆధారం ఉంది. జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులని పిలిపించుకుంది, వాళ్ళ పిల్లలూ మనవళ్ళూ ఇక్కడే చదువుకుని డాక్టర్లు, సైకాలజిస్టులు అయ్యారు. మనవాళ్ళు నిన్నగాక మొన్న ల్యాప్‌టాప్‌లు పట్టుకుని దిగినవాళ్ళు. ఇన్సూరెన్స్ మీద తెలుగులో చూసేవాళ్ళు కావాలంటే ఎక్కడ దొరుకుతారు? నాకైతే దొరకలేదు. అందుకే ఆ యాడ్ కనబడగానే ఎగిరి గంతేశాను.

మొదట్లో బాగానే ఉంది, అబద్ధం చెప్పను. యాభై ఏళ్ళు దాటిన పెద్దావిడ, "చెప్పమ్మా" అనగానే సగం బరువు దిగిపోయింది. ఆ ఊపులో పెద్ద ప్యాకేజీయే కొన్నాను. డిస్కౌంట్ కదా మరి.

ఇక నిన్నటి సంగతి. అక్కడ రాత్రి ఎనిమిది, ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసులో చిన్న మీటింగ్ రూమ్ బుక్ చేసుకుని, అద్దం తలుపుకి వీపు పెట్టి కూర్చుంటాను, ముఖం బయటికి కనబడకుండా. దహనం రోజు తమ్ముడు శ్మశానం నుంచి వీడియో కాల్ చేసి చూపించాడు. మధ్యలో సిగ్నల్ పోయి నాన్న ముఖం దగ్గరే స్క్రీన్ ఆగిపోయింది. అలా ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో నాకే తెలియదు. ఈ మాట ఇంతవరకూ మా ఆయనకి కూడా చెప్పలేదు. నిన్న మొదటిసారి ఆవిడకి చెప్పాను. చెబుతూ చెబుతూ ఆపుకోలేక ఏడ్చేశాను.

ఆవిడ వీడియో ఆఫ్ అయింది. నెట్ స్లో అయిందేమో అనుకున్నాను. మ్యూట్ కూడా నొక్కేశాననుకున్నట్టున్నారు పాపం. అది పడలేదు.

"ఆ, ఆ జర్మనీ కేసే. నాన్న పోయినావిడ. ఇంకో పది నిమిషాలు ఏడుస్తుంది, అయిపోతుంది. ఈలోపు నువ్వు కుక్కర్ పెట్టెయ్. పప్పు పొద్దుటిది ఉంది."

అక్షరం పొల్లుపోకుండా ఇవే మాటలు. తర్వాత గిన్నె చప్పుడు, కుళాయి చప్పుడు. కాసేపటికి వీడియో మళ్ళీ వచ్చింది. తల కొంచెం పక్కకి వాల్చి, గొంతులో తేనె పోసుకుని, "చెప్పమ్మా, వింటున్నాను" అన్నారు.

"మీరు అన్నది నాకు వినబడింది మేడం" అన్నాను.

సారీ చెబుతారనుకున్నాను. నిజంగా చెప్పి ఉంటే, మనుషులం కదా, వంట టైము కదా అని నేనే సర్దుకునేదాన్ని. ఆవిడ ఏమన్నారో తెలుసా? "చూడమ్మా, నువ్విప్పుడు బాగా ఎమోషనల్‌గా ఉన్నావు. గ్రీఫ్‌లో లేనివి కూడా వినిపిస్తాయి. ఇది కామన్." ఆ మాట అంటుండగానే వెనక గ్యాస్ లైటర్ టకటకమంది. అది కూడా నాకు గ్రీఫ్‌లోనే వినిపించి ఉంటుంది.

కాల్ కట్ చేశాను. రూమ్ టైము అయిపోయి, తర్వాతి మీటింగ్‌వాళ్ళు తలుపు కొడుతున్నారు. కళ్ళు తుడుచుకుని, నవ్వు ముఖం పెట్టుకుని బయటికి వచ్చాను.

కస్టమర్ సపోర్ట్‌కి రాస్తే "హ్యాపీనెస్ ఎగ్జిక్యూటివ్" అట, వచ్చాడు. మీ ఫీలింగ్స్ మాకు చాలా ముఖ్యం అన్నాడు. రుజువుగా రికార్డింగ్ పంపమన్నాడు. బాబూ, జర్మనీలో అవతలి మనిషికి చెప్పకుండా మాటలు రికార్డు చేస్తే నేరం, పైగా రికార్డు చేయకూడదని మీ రూల్స్‌లోనే ఉంది అంటే, "అయితే వెరిఫై చేయలేం మేడం" అని దండం బొమ్మ పెట్టాడు. మిగిలిన సెషన్ల డబ్బు వాపసు రాదట. వాలెట్‌లో క్రెడిట్స్ వేస్తారట, 60 రోజుల్లో వాడేసుకోవాలట. అదే ఆవిడ దగ్గరే వాడుకోమంటారేమో!

అప్పుడు గానీ అసలు ప్రశ్న అడగలేదు నేను, ఈవిడకి ఆర్‌సీఐ నంబర్ ఉందా అని. ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టు అని ప్రాక్టీస్ చేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరు ఉండాలి, 1992 నాటి చట్టం అది. సైకియాట్రిస్టు అయితే ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టర్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. "కౌన్సెలర్", "మైండ్ కోచ్", "సీనియర్ థెరపిస్ట్" అని ప్రొఫైల్‌లో ఎవరైనా రాసేసుకుంటున్నారు. సపోర్ట్‌వాడి జవాబు: "మా నిపుణులందరూ మా సొంత అకాడమీలో సర్టిఫై అయినవారే మేడం." వాళ్ళ పిండి, వాళ్ళ అట్లు, వాళ్ళే రుచి చూసి బాగున్నాయని సర్టిఫికెట్.

రేటు సంగతి మర్చిపోయాను. రాత్రి మా చెల్లిని తన నంబర్‌తో లాగిన్ అవమన్నాను. అదే కౌన్సెలర్, అదే గంట, తనకి 900 రూపాయలు. నాకు 55 యూరోలు. ఇదన్నమాట ప్రత్యేకం.

ఇదంతా విని ఇజ్మీర్ అమ్మాయి తాపీగా ఏం చెప్పిందంటే, తను కూడా మొదట్లో ఇస్తాంబుల్ నుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడే లైఫ్ కోచ్ ఒకడి దగ్గర డబ్బు పోగొట్టుకుందట. ముందే చెప్పొచ్చు కదమ్మా తల్లీ!

తెలుగులో మాట్లాడే థెరపిస్టులందరూ ఇంతే అనడం లేదు. పద్ధతిగా చదువుకుని, రిజిస్టర్ అయినవాళ్ళు హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఉన్నారు, ఆన్‌లైన్‌లో కూడా చూస్తారు. నంబర్ అడగండి. ఆర్‌సీఐ సైట్‌లో పేరు వెతకండి. నంబర్ అడిగితే చిరాకు పడినవాళ్ళకి అక్కడే నమస్కారం పెట్టేయండి. ప్యాకేజీ జోలికి అసలు పోవద్దు, ఒక్కో సెషన్‌కే కట్టండి.

జర్మనీలో ఉన్నవాళ్ళు డాక్టర్ల అపాయింట్‌మెంట్లు చూసే 116117 నంబర్‌కి ఫోన్ చేస్తే సైకోథెరపీ మొదటి కన్సల్టేషన్‌కి నాలుగు వారాల్లోపు అపాయింట్‌మెంట్ చూపించాలి, పరిస్థితి బాగా లేక అక్యూట్ ట్రీట్‌మెంట్ అవసరమని అక్కడ రాసిస్తే దానికి రెండు వారాలు. భాష మాత్రం మన అదృష్టం. ఇంటర్‌ప్రెటర్ ఖర్చు పబ్లిక్ ఇన్సూరెన్స్ ఇవ్వదు, ఇండియా యాప్‌కి కట్టిన డబ్బూ ఇవ్వదు. ఇండియాలో మీవాళ్ళు ఎవరైనా ఇబ్బందిలో ఉంటే ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

క్రెడిట్స్ నేను తీసుకోలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తున్నాను, చాట్ స్క్రీన్‌షాట్లన్నీ దాచాను. ఇదే యాప్‌లో ఇరుక్కున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి, బ్యాంకుకి ఏం రాశానో పంపిస్తాను.