ఎర్రగరప నేలలో రోటవేటర్ స్కిడ్లు

ట్రాక్టరు వెనక తగిలించి, తిరిగే బ్లేడ్లతో దున్నే రోటవేటర్ కొనేటప్పుడు బ్లేడ్లెన్ని, గేర్‌బాక్స్ ఎలాంటిది అని అందరూ అడుగుతారు. రెండు పక్కలా నేలను రాసుకుంటూ పోతూ దుక్కి లోతును నిలిపే ఇనుప పట్టాలు, అదే స్కిడ్ల సంగతి ఎవరూ అడగరు. మా కళ్యాణదుర్గం వైపు గరప నేలల్లో బ్లేడ్ల తర్వాత ముందుగా అరిగేవి అవే. ఉరవకొండ దగ్గర నల్లరేగడిలో దున్నే మా బావమరిది బండికి కంపెనీ స్కిడ్లే ఇంకా ఉన్నాయి. మనకా అదృష్టం లేదు, ఇక్కడి గులకరాళ్లు ఇనుమును ఆకురాయిలా తినేస్తాయి.

మొదట 6 ఎం.ఎం. మందం జత వేయించాను. ధర తక్కువే గానీ ఒక్క వేరుశనగ సీజనులోనే వెనక సగం కాగితంలా పల్చబడింది. తర్వాత తెచ్చిన 10 ఎం.ఎం. జతే ఇప్పటికీ నడుస్తోంది. లారీ కమాన్ పట్టాతో వెల్డింగ్ షాపులో చేయించుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ ఉక్కు గట్టిదే, కానీ మామూలు డ్రిల్ బిట్ దిగదు. గ్యాస్‌తో బొక్క కొడితే అక్కడే పగులు పడుతుంది. ఆ తిప్పలు నాకొద్దనుకున్నాను.

బిగించడం పెద్ద పని కాదు, పాతవి ఊడదీయడమే పని. బోల్టు తలలు స్కిడ్‌తో పాటే అరిగిపోయి స్పానర్‌కు పట్టు దొరకదు. ముందురోజు రాత్రే డీజిల్ పోసి ఉంచితే కొన్ని వస్తాయి, రానివాటికి గ్రైండరే గతి. ఇంజన్ ఆపి, పీటీఓ (రోటవేటర్‌ను తిప్పే ట్రాక్టరు షాఫ్టు) తప్పించి, తాళం జేబులో వేసుకొని, రోటవేటర్ కింద దిమ్మలు పెట్టాకే చెయ్యి పెట్టాలి. హైడ్రాలిక్ మీద వేలాడుతున్న యంత్రం కింద దూరే ధైర్యం ఎవరికీ పనికిరాదు.

అసలు తేడా ఎత్తు సరిచేయడంలో ఉంది. చదునైన సిమెంటు గచ్చు మీద దించి రెండు పక్కలా టేపు పెట్టి కొలవాలి. ఎత్తు మార్చడానికి ఉన్న బొక్కల్లో రెండు స్కిడ్లూ ఒకే వరుసలో ఉండాలి. ఒక పక్క కిందకు, ఒక పక్క పైకి ఉంటే దుక్కి ఒకవైపు లోతుగా, ఇంకోవైపు పైపైన పడుతుంది. ట్రాక్టరుకూ రోటవేటర్‌కూ మధ్య పైన ఉండే టాప్ లింకు ఎంత తిప్పినా అది సర్దుకోదు. చీనీ తోటలో ఈ లోతు ఇంకా ముఖ్యం. చీనీ చెట్టుకు తిండి తెచ్చే పీచువేర్లు పైమట్టిలోనే ఉంటాయి. అందుకే తోటలోకి వెళ్లే ముందు స్కిడ్లను కిందకు దించి బిగిస్తాను, అప్పుడు బ్లేడ్లు పైపైనే తిరుగుతాయి. వేరుశనగకు మళ్లీ పైకెత్తి నాలుగైదు అంగుళాల లోతు దొరికేలా పెడతాను.

కొత్తవి వేశాక గంటసేపు దున్ని, దిగి, నట్లన్నీ మరోసారి బిగించాలి. తర్వాత బ్లేడ్లు చూసే రోజే వీటినీ చూస్తే చాలు. గేరు పెట్టె ఉన్న పక్క బరువెక్కువ కాబట్టి అటువైపు స్కిడ్ తొందరగా పల్చబడుతుంది. అది పూర్తిగా పోతే రాళ్లు పక్కరేకుకూ, పెట్టె అడుగుకూ తగులుతాయి. సీలు పోయి ఆయిలు కారడం మొదలైతే ఖర్చు స్కిడ్ జతకు ఎన్నో రెట్లు. సగం అరిగాక అడుగున హార్డ్‌ఫేసింగ్ రాడ్డుతో (అరుగుదలకు ఆగే గట్టి వెల్డింగ్ రాడ్డు) నాలుగు గీతలు వేయించాను, అరుగుదల కంటికి కనపడేంత తగ్గింది.

ఈ 10 ఎం.ఎం. జత మీద నా ఫిర్యాదు ఒక్కటే, తోడు ఇచ్చిన బోల్టులు మెత్తవి. అవి పక్కన పడేసి, తల మీద 8.8 అని బలం మార్కున్నవి స్ప్రింగ్ వాషర్లతో సహా విడిగా కొనండి.