ఇద్దరు పిల్లల చేతుల్లో నలిగిన జంతువుల పుస్తకం

కడపలో మా ఇంట్లో పగటిపూట పిల్లల బాధ్యత నాది. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు వెళ్తే మొదట మనవడు, వాడు బడిలో చేరాక వాడి చెల్లెలు నా దగ్గర పెరిగారు. రంగులు, అంకెలు నేర్పే జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి ఆ ఇద్దరి చేతుల్లోనూ నలిగింది. పేరు చెప్పను. ఇలాంటివి బజారులో కుప్పలుగా ఉన్నాయి, దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి దీని గుణదోషాలు చాలావాటికి వర్తిస్తాయి. ఐదు వరకు లెక్క నేర్పడానికి ఇది భేషుగ్గా పనికొచ్చింది. ఆరు నుంచి పది వరకు పేజీలు చూడముచ్చటగా ఉన్నాయి, అంతే. రంగుల దగ్గర మాత్రం పుస్తకం చేసిన పని తక్కువ, మేం చేసుకున్నది ఎక్కువ.

ముందు గట్టితనం సంగతి. మందపాటి అట్ట పేజీలు, గుండ్రటి మూలలు, పైన ప్లాస్టిక్ పూత. పళ్లు వచ్చే రోజుల్లో మనవడు ఏనుగు ఉన్న మూలను నమిలి పిప్పి చేశాడు. పూత లేచింది కానీ రంగు దిగలేదు. పప్పన్నం చేతులతో పట్టుకున్నా తడిగుడ్డతో తుడిస్తే పోయింది. వెన్ను ఒక్కటే బలహీనం. చెల్లెలి చేతికి వచ్చేసరికి రెండుగా విడిపోయింది. బైండింగ్ చేసే ఆయన క్యాలికో గుడ్డ అంటించి ఇచ్చాక మళ్లీ ఊడలేదు. 250 రూపాయల లోపు వస్తువుకు ఇంతకంటే ఆశించడం అత్యాశ.

ఇక లెక్క. నేను సర్కారు బడిలో ఒకటో తరగతి చెప్పి రిటైరయ్యాను. వంద దాకా గడగడా చెప్పే పిల్లవాడు ‘ఐదు సుద్దముక్కలు తీసుకురా’ అంటే గుప్పెడు పట్టుకొచ్చేవాడు. అంకెల పేర్లు వరుసగా రావడం వేరు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు. కారెన్ విన్ అనే పరిశోధకురాలు 1990లో ఇదే విషయాన్ని ‘ఇన్ని బొమ్మలు ఇవ్వు’ అని పిల్లలను అడిగి తేల్చారు. లెక్కపెట్టడం వచ్చినట్టే కనిపించే పిల్లలు కూడా మూడు ఇవ్వమంటే చేతికి దొరికినన్ని తీసి ఇస్తారు. మూడున్నరేళ్ల ప్రాంతంలో గానీ ఆ కిటుకు పట్టుబడదు. కాబట్టి రెండేళ్ల పిల్లవాడు పది దాకా చెప్పాడని వీడియో తీసి బంధువులకు పంపేవాళ్లను చూస్తే నవ్వు వస్తుంది. మా అల్లుడూ పంపాడు లెండి.

ఈ పుస్తకంలో ఒక పేజీకి ఒకే జాతి జంతువు. ఒక ఏనుగు, రెండు ఆవులు, మూడు మేకలు, నాలుగు కుందేళ్లు, ఐదు చిలుకలు. విడివిడిగా, చిన్న వేలు ఒక్కోదాని మీద ఆనేంత పెద్దగా వేశారు. అదే దీని బలం. మా హాలులో పరిచింది నల్లటి కడప బండ. పేజీ తెరిచి, మనవడు ఒక్కో మేక మీద వేలు పెట్టినప్పుడల్లా నేను బండ మీద సుద్దతో ఒక గీత గీసేదాన్ని. తర్వాత పుస్తకం మూసి, ‘ఎన్ని మేకలు నాయనా?’ అంటే గీతల వైపు చూసేవాడు. కొన్నాళ్లకు గీతలు వాడే గీయడం మొదలుపెట్టాడు. ఒకరోజు మూడు గీతలు గీసి, నాలుగోది గీయబోయి, పుస్తకం మళ్లీ తెరిచి చూసుకుని సుద్ద పక్కన పెట్టేశాడు. వాడికి లెక్క వచ్చిందని నేను నమ్మింది అప్పుడే. ఇళ్లలో చాలామంది దీనికి చింతగింజలో వేరుశనగ గింజలో ఇస్తారు. ఇంత చిన్న పిల్లలకు అవి వద్దు, ముక్కులోకో గొంతులోకో పోతాయి.

కుందేళ్ల పేజీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నాలుగో కుందేలు పొద వెనక దాక్కుంది, చెవులు తప్ప మరేమీ కనబడవు. రెండేళ్ల పిల్లల పుస్తకంలో ఇదేం తెలివి అని బొమ్మ వేసినవాళ్లను తిట్టుకున్నాను. మనవడు ఎప్పుడూ మూడే అనేవాడు, అచ్చులో 4 అని ఉన్నా ఒప్పుకోలేదు. మూడు నిండాక ఒక సాయంత్రం, ‘అవ్వా, ఇది కూడా కుందేలే, తల లోపల ఉంది’ అని చెవులు పట్టుకున్నాడు. అప్పటినుంచి ఎవరు ఇంటికి వచ్చినా ఆ పేజీయే చూపించి ‘ఎన్ని?’ అని అడగడం, వాళ్లు మూడు అంటే గెలిచినట్టు ఎగరడం. ఇప్పటికీ ఆ పేజీ పసివాళ్లకు తగదనే అంటాను. కానీ మూడేళ్లు దాటినవాళ్లకు పుస్తకం మొత్తంలో అంత పని చేసే పేజీ మరొకటి లేదు.

ఐదు దాటాక సరుకు పలచబడింది. ఏడు చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, తోక ఎవరిదో తల ఎవరిదో నాకే తెలియదు. పది చీమలను బియ్యపు గింజంత వేశారు. ఏడు అంటే ఏమిటో చూపిస్తానని వాళ్ల తాత వాణ్ని ఏడురోడ్ల కూడలికి తీసుకెళ్లాడు. ఆ వాహనాల మధ్య నాలుగో రోడ్డు దాకా లెక్కపెట్టి, ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకొచ్చాడు.

రంగుల విషయానికి వస్తే, ఈ పుస్తకంలోనే కాదు, ఇలాంటి చాలా పుస్తకాల్లో ఒక లోపం ఉంది. ప్రతి రంగుకూ ఒకే జంతువు. బాతు పసుపు, చిలుక ఆకుపచ్చ, ఏనుగు బూడిదరంగు. దాంతో పిల్లలు రంగు పేరును ఆ జంతువు పేరే అనుకుంటారు. మా మనవరాలు పెరట్లో జామచెట్టు మీద వాలిన చిలుకను చూసి ‘ఆకుపచ్చ వచ్చింది!’ అని కేక పెట్టింది. ఆ చెట్టు ఆకులు ఏ రంగు అంటే తెల్లముఖం వేసింది. రంగు అనేది వస్తువు నుంచి విడదీసి చూడవలసిన సంగతని తెలియాలంటే, ఒకే జంతువు వేర్వేరు రంగుల్లో పక్కపక్కన కనబడాలి. ఆ పని చేసిన పేజీ ఇందులో ఒక్కటే ఉంది: ఆ మూడు మేకలది. ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. మా వీధిలోకి వచ్చే మేకలూ ఆ రంగులవే కావడం కలిసొచ్చింది. పిల్ల రంగులు నేర్చింది ఆ పేజీలోనూ వీధిలోనూ. బాతు దగ్గర కాదు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘ఇదేం రంగు?’ అని పరీక్ష పెడితే మా పిల్ల పుస్తకం మూసేసేది. ‘నల్ల మేక’ అనే బదులు ‘ఈ మేక నల్లగా ఉంది, ఆ మేక తెల్లగా ఉంది’ అని మాటల్లో కలిపినప్పుడు త్వరగా పట్టుకుంది. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలతో మైకేల్ రామ్‌స్కార్ బృందం 2010లో చేసిన అధ్యయనంలో కూడా, వస్తువు పేరు ముందు చెప్పి రంగు తర్వాత చెబితే బాగా నేర్చుకున్నారని తేలింది. రంగుల పేర్లు ఆలస్యమైతే కంగారు పడనక్కరలేదు. అయితే ఐదేళ్లు వస్తున్నా ఎరుపు, ఆకుపచ్చ ఒకటిగానే కనబడుతున్నట్టు అనిపిస్తే, ముఖ్యంగా మగపిల్లలైతే, ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. ఆ రకం వర్ణాంధత మగపిల్లల్లోనే చాలా ఎక్కువ.

ఇంకో కొరత, పుస్తకంలో పెంగ్విన్ ఉంది, జిరాఫీ ఉంది, మన ప్రాంతానికే ప్రత్యేకమైన జీవి మాత్రం ఒక్కటీ లేదు. చివరి అట్ట లోపల ఖాళీగా ఉంటే వాళ్ల తాత పత్రికలోని కలివికోడి బొమ్మ కత్తిరించి అంటించాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మన జిల్లాలోనే మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ చరిత్ర పిల్లలకెందుకు గానీ, రొమ్ము మీద గోధుమరంగు పట్టీలు రెండు స్పష్టంగా ఉంటాయి. లెక్కకు లెక్క, రంగుకు రంగు. మనవరాలు అచ్చు పేజీలన్నీ గబగబా తిప్పేసి దాని దగ్గర ఆగేది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు: అసలు కొనకుండా కూడా మొదలుపెట్టవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగు పేజీలు ప్రింటు తీయించి అట్టకు అంటిస్తే సరిపోతుంది. ఫోనులోనే చూపించడానికి మాత్రం నేను ఒప్పుకోను. తెర మీద మేకను ముట్టుకుంటే పేజీ జరిగిపోతుంది, పిల్లవాడి లెక్క అక్కడే తప్పుతుంది. కొంటానంటే షాపులోనే రెండు చోట్ల తెరిచి చూడండి. ఐదు లోపు పేజీల్లో జంతువులు ఒకదానికొకటి తగలకుండా ఉండాలి, ఎక్కడో ఒకచోటైనా ఒకే జంతువు మూడు రంగుల్లో ఉండాలి. పదో పేజీలో చీమలు ఉన్నాయో ఏనుగులు ఉన్నాయో పట్టించుకోకండి, ఆ పేజీ దాకా వచ్చేసరికి పిల్లలు ఎలాగూ లేచి వెళ్లిపోతారు.