మార్కోవ్ చైన్ లెక్కలకి టీఐ-30ఎక్స్‌ఎస్: మూడు వరుసల్లో ఒక ఏడాది

మార్కోవ్ చైన్ అంటే ఏటా ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి (ఆరోగ్యం, జబ్బు, మరణం లాంటివి) మారే సంభావ్యతల లెక్క. సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ (బీమా గణితజ్ఞుల సంఘం) పరీక్షల్లో అనుమతించే కాలిక్యులేటర్లలో టీఐ-30ఎక్స్‌ఎస్ మల్టీవ్యూ ఒకటి. ఇందులో మేట్రిక్స్ (ఆ సంభావ్యతల పట్టిక) సదుపాయం లేదు. అయినా సగటు ఖర్చు లెక్కలకి ఇదే తీసుకోండి. మేట్రిక్స్ మొత్తాన్ని హెచ్చించే అవసరమే రాదు, మొదలైన స్థితి తాలూకు ఒక్క వరుసని ఏటా ముందుకి జరిపితే చాలు.

ఆరోగ్యవంతులు ఏడాదికి అలాగే ఉండే సంభావ్యత 0.8, జబ్బుపడేది 0.15, మరణం 0.05 అనుకోండి. జబ్బుతో ఉన్నవారు కోలుకునేది 0.3, అలాగే ఉండేది 0.5, మరణం 0.2. ఏడాది చివర జబ్బుతో ఉంటే 10,000 చెల్లింపు, మూడేళ్లు, వడ్డీ 6 శాతం.

ఎక్స్ అంటే ఆరోగ్యంగా ఉండే సంభావ్యత, వై అంటే జబ్బుతో ఉండేది, జెడ్ తాత్కాలిక చోటు. ఎక్స్‌లో 1, వైలో 0 దాచండి. .8ఎక్స్+.3వై జెడ్‌లోకి, .15ఎక్స్+.5వై వైలోకి, ఆఖర్న జెడ్ ఎక్స్‌లోకి. మరుసటి ఏడాదికి మళ్లీ టైప్ చేయక్కర్లేదు. పైబాణంతో పాత వరుస మీదకి వెళ్లి ఎంటర్ కొడితే కిందకి దిగుతుంది, ఇంకోసారి కొడితే కొత్త విలువ వస్తుంది. ఈ మెషీన్ గొప్పతనమంతా ఇక్కడే. జెడ్ ఎందుకని ఎక్స్‌నే ముందు మార్చేశారా, మొదటి ఏడాదే 0.15 రావాల్సిన చోట 0.12 వస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

వై విలువలు 0.15, 0.195, 0.20025. వాటిని ఎల్1 జాబితాలో, డిస్కౌంట్ చేసిన (6 శాతం వడ్డీతో నేటి విలువకి తగ్గించిన) చెల్లింపులని ఎల్2 జాబితాలో పెట్టి టూ-వార్ స్టాట్స్‌లో సిగ్మా ఎక్స్‌వై (రెండు జాబితాల లబ్ధాల మొత్తం) చూడండి: సుమారు 4,832. సంభావ్యతలని రెండు దశాంశాలకి కుదిస్తే 4,874 అయిపోతుంది, కాబట్టి మధ్యలో కుదించొద్దు.

మరణ ప్రయోజనం ఉంటే .05ఎక్స్+.2వై ని ఎక్స్, వై మార్చకముందే లెక్కించాలి. రెండో ఏడాదికి అది 0.07. అప్పటిదాకా పోగైన 0.12 వాడితే మొదటి ఏడాది మరణాలకి రెండోసారి డబ్బు కట్టినట్టే.

చరరాశులు ఏడే ఉండటం నిజమైన లోటు. మన మోటార్ బీమా నో క్లెయిమ్ బోనస్‌లో 0, 20, 25, 35, 45, 50 శాతం, మొత్తం ఆరు మెట్లు. అక్కడ 50 మెట్టుతో మొదలెట్టి కిందకి మార్చుకుంటూ రండి. క్లెయిమ్ లేకపోతే ప్రతి మెట్టుకీ జనం వచ్చేది దాని కింది మెట్టు నుంచే (50లో ఉన్నవారు అక్కడే ఉంటారు), కాబట్టి జెడ్‌లాంటి తాత్కాలిక చోటు అవసరం పడదు.