ఎయిర్ నౌరూ పాత టైంటేబుల్ కొంటున్నారా? కాస్త ఆగండి

పాత విమాన కంపెనీల టైంటేబుళ్లు, పోస్టర్లు, లగేజీ ట్యాగులు పోగేసే పిచ్చి నాలాగా మీకూ ఉంటే ఇది చదవండి. పోయిన నెల 7,400 రూపాయలు తగలేశాను. అమ్మినవాళ్ల పేరు రాయను గానీ సరుకు ఆనవాలు చెబుతా: "ఎయిర్ నౌరూ మొదటి టైంటేబుల్, 1970, పోస్టర్‌తో సహా."

నౌరూ పేరు కనబడితే నాకు చెయ్యి ఆగదు. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దేశం. ఎరువులకి వాడే ఫాస్ఫేట్ తవ్వి అమ్మిన డబ్బు పొంగిపొర్లిన రోజుల్లో, 1980ల మొదట్లో ఏడు బోయింగులు నడిపింది. దేశ జనాభాలో పదో వంతును ఒకేసారి గాల్లోకి లేపేయొచ్చు! సీట్లు మాత్రం చాలావరకు ఖాళీగానే తిరిగేవి. అలాంటి కంపెనీ కాగితం దొరికిందంటే ఎవడాగుతాడు?

కవరు విప్పగానే గుప్పున టీ డికాక్షన్ వాసన. పాత కాగితం అంచుల నుంచి పసుపెక్కుతుంది, లోపలి మడతలు కాస్త తెల్లగా మిగులుతాయి. ఇది మడత లోపల కూడా ఒకే రంగు, దోసె కాల్చినట్టు. టీలో ముంచి పాతదానిలా చేశారన్నమాట. స్టేపుల్ పిన్నులు కొత్త రూపాయి బిళ్లల్లా మెరుస్తున్నాయి. భూతద్దం పెట్టి చూశాను. ఆఫ్‌సెట్ అచ్చులో, అంటే ప్రెస్సులో వేసిన అచ్చులో, రంగుచుక్కలు వరసగా చిన్న చిన్న పువ్వుల్లా కనిపించాలి. ఇక్కడ పొడి చల్లినట్టున్నాయి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ పనే.

పోస్టర్ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విమానం మీద "నౌరూ ఎయిర్‌లైన్స్" అని ఉంది. ఆ పేరు 2014లో వచ్చింది. 1970లో అది ఎయిర్ నౌరూ. ఆ రెంటికీ మధ్యలో ఇంకో పేరు నడిచింది. 2005 డిసెంబరులో బాకీ కింద మిగిలిన ఒక్క బోయింగ్ 737నూ అమెరికా ఎగుమతి దిగుమతి బ్యాంకు మెల్‌బోర్న్‌లో స్వాధీనం చేసుకుంది. దేశానికి విమానమే లేకుండా పోయింది. తర్వాత తైవాన్ సాయంతో మరో 737 తెచ్చుకుని, 2006లో "అవర్ ఎయిర్‌లైన్" అన్న పేరుతో మళ్లీ ఎగరడం మొదలుపెట్టారు.

పేరు సంగతి అలా ఉంచండి, బొమ్మలో ఉన్నదీ 737నే. 1970 ఫిబ్రవరి 14న ఎగిరిన మొదటి విమానం ఫాల్కన్ 20, పెద్ద వ్యాపారులు సొంతానికి వాడుకునే చిన్న ఫ్రెంచి జెట్టు. పట్టుమని పదిమంది. బోయింగులు వచ్చేసరికి 70ల మధ్యకొచ్చేశాం. టైంటేబుల్లోనేమో మనీలా, హాంకాంగ్ అన్నీ వేసేశారు. ఫాల్కన్ మొదట ఎగిరిన రూటు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కి.

ఇన్ని తెలిసీ ఎందుకు కొన్నావంటారా? ఆన్‌లైన్ సైటులో అమ్మకానికి పెట్టిన ఫొటోలో పోస్టర్ మడిచి ఉంది, విమానం తోక, దానిమీది నక్షత్రం మాత్రమే కనబడ్డాయి. "విప్పి ఫొటో పంపండి" అని అడిగితే "కాగితం చిరుగుతుంది సార్" అన్నారు. పోనీలే అనుకున్నా. దానికితోడు 300 తగ్గిస్తామంటే సైటు బయట నేరుగా యూపీఐలో కట్టాను. నా కొంప ముంచింది అదే. సైటువాళ్లని అడిగితే మా ద్వారా కట్టలేదుగా అన్నారు. అమ్మినవాళ్లు ముందు పాత వస్తువులకి వాపసు లేదన్నారు, రెండు రోజులాగి "రీప్రింట్ అని రాశాంగా" అన్నారు. చూస్తే నిజంగానే రాసి ఉంది, ఆ ముందురోజు మార్చారు. పాత పేజీ స్క్రీన్‌షాట్ నేను తీసుకోలేదు. మీరు తీసుకోండి, డబ్బు కట్టకముందే. వెనకవైపు ఫొటో, మడత విప్పిన ఫొటో ఇవ్వనంటే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

ఇవాళ పొద్దున వాళ్లే కొత్త సరుకు పెట్టారు: "అవర్ ఎయిర్‌లైన్ మెనూ కార్డు, 1975, ఒరిజినల్." ధర 5,200.