రేసు ట్రాక్ మీదుగా కట్టిన హోటల్: యాస్ ద్వీపంలో బస

మన విశాఖలో హోటల్ గొప్పతనాన్ని కిటికీని బట్టి కొలుస్తారు. బీచ్ రోడ్డులోనైనా, రుషికొండలోనైనా సముద్రం కనిపించే గదికి ఒక ధర, కనిపించని గదికి ఇంకో ధర ఉంటుందే తప్ప, ఆ భవనాన్ని ఎవరు గీశారు, ఎలా నిలబెట్టారు అని అడిగేవాళ్లు అరుదు. అబుదాబిలోని యాస్ ద్వీపంలో, యాస్ మెరీనా సర్క్యూట్ అనే ఫార్ములా వన్ రేసు ట్రాక్‌ను ఆనుకుని ఉన్న డబ్ల్యూ హోటల్‌కు ఈ కొలత సరిపోదు. అక్కడ మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా భవనం కోసమే. గదులు సౌకర్యంగానే ఉన్నాయి, కానీ గది కోసం మాత్రమే అయితే అంత దూరం వెళ్లనవసరం లేదు.

ఆనుకుని అన్నాను గాని, నిజానికి ఈ హోటల్ ట్రాక్‌కు రెండు వైపులా ఉంది. పన్నెండేసి అంతస్తుల రెండు భవనాల్లో ఒకటి సర్క్యూట్ లోపలి నేల మీద, రెండోది పడవలు ఆగే మెరీనా వైపు నిలబడగా, ఆ రెంటినీ కలుపుతూ ట్రాక్ మీదుగా ఒక ఉక్కు వంతెన సాగుతుంది. ఫార్ములా వన్ కార్లు ఆ వంతెన కింద నుంచే వెళతాయి. న్యూయార్క్‌కు చెందిన అసింప్టోట్ సంస్థ స్థపతులు హనీ రషీద్, లిజ్ ఆన్ కుట్యూర్ దీన్ని రూపొందించారు. 2009లో అక్కడ తొలి గ్రాండ్ ప్రి (ఫార్ములా వన్ రేసు) జరిగినప్పుడే హోటలూ తెరుచుకుంది. మొదట యాస్ హోటల్‌గా, తర్వాత యాస్ వైస్రాయ్‌గా ఉండి, ఇప్పుడు డబ్ల్యూ అయింది. పాత ఫొటోలలో వేరే పేరు కనబడితే కంగారు పడనక్కర్లేదు, భవనం అదే.

ఫొటోలలో అందరికీ గుర్తుండిపోయేది రెండు భవనాల మీదా కప్పినట్టుండే ఉక్కు, అద్దాల జాలకం. దాని పొడవు 217 మీటర్లు, అందులో వజ్రాకారపు అద్దపు పలకలు సుమారు 5,800. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి వచ్చినవాణ్ని కాబట్టి నా చూపు ముందుగా అతుకుల మీదికే పోయింది. దూరం నుంచి చూస్తే, ఫిషింగ్ హార్బర్‌లో జాలరి విసిరిన వల గాలిలో ఉబ్బి అక్కడే ఆగిపోయినట్టుంటుంది. దగ్గరికి వెళితే మాత్రం ఆ తేలికదనం వెనుక ఎంత లెక్క ఉందో అర్థమవుతుంది. వంపు ఎక్కడా ఒకేలా ఉండదు కనుక కడ్డీలు కలిసే కోణం చోటుచోటుకీ మారుతుంది, పలకలు కూడా ఒక్కో చోట ఒక్కో వాలుతో కూర్చుంటాయి. అందుకే మధ్యాహ్నపు ఎండలో ఒక పలక కళ్లు మిరుమిట్లు గొలుపుతుంటే పక్కది బూడిదరంగులో మసకగా కనిపిస్తుంది. వంద అడుగులు నడిచేసరికి ఆ వరస తారుమారవుతుంది. సముద్రపు గాలికి గేటు చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఎరిగిన విశాఖవాసికి, ఉప్పునీటి అంచున ఇంత ఉక్కును బయటపెట్టి నిలపడం చిన్న సాహసంగా కనిపించదు.

అయితే పగటి వేళ ఈ భవనం సగమే కనిపిస్తుందని చెప్పాలి. చీకటి పడ్డాక ఎల్‌ఈడీ దీపాలు వెలిగి, నీలం నుంచి ఊదాకు, ఊదా నుంచి ఎరుపుకు రంగులు జాలకం పొడవునా మెల్లగా పాకుతుంటే, పగలు చూసిన ఇనుప ఎముకలు పూర్తిగా మాయమవుతాయి. ఈ దృశ్యం బయట ఉన్నవాళ్లకే పూర్తిగా దక్కుతుంది. లోపల గదిలో కూర్చున్నవారికి దాని అంచు మాత్రమే తగులుతుంది, కొన్ని కిటికీలకైతే ఆ జాలకమే అడ్డు. వారంలో కొన్ని సాయంత్రాలు సర్క్యూట్‌ను నడకకూ సైకిళ్లకూ జనానికి వదులుతారు. హోటల్లో దిగకపోయినా సరే, ఆ సాయంత్రం ట్రాక్ మీద నడుస్తూ వంతెన కిందికి వచ్చి తల ఎత్తి చూడండి. హోటల్ మొత్తంలో అంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

వంతెన మీద నిలబడితే జర్మన్ ఇంజనీరు హెర్మన్ టిల్కే గీసిన ట్రాక్ కింద వంపు తిరుగుతూ కనిపిస్తుంది. 2021లో దీన్ని మార్చారు. 5.554 కిలోమీటర్లున్న ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) 5.281కి తగ్గింది, రేసు 55 ల్యాపుల నుంచి 58 ల్యాపులయింది, హోటల్ చుట్టూ ఉన్న ఇరుకు మలుపులను సాఫీ చేశారు. కార్లు ఇదివరకటికన్నా వేగంగా దూసుకుపోతాయి కాబట్టి పోటీకి అది మేలే. వంతెన మీది ప్రేక్షకుడికి మాత్రం కారు కంటికి చిక్కే సమయం ఇంకా తగ్గింది.

గది విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. ద్వారకానగర్‌లో మాకు బుకింగ్ చేసిన ట్రావెల్ ఏజెంటు, "అన్ని గదులకూ ట్రాక్ కనిపిస్తుంది సార్, మీరేం కంగారు పడకండి" అని భరోసా ఇచ్చాడు. తీరా వెళ్లాక మా కిటికీలో కనిపించినవి మెరీనాలోని పడవలు. పడవలు అందంగానే ఉన్నాయి, కానీ పడవలు చూడటానికి అంత దూరం రానక్కర్లేదని మా ఆవిడ అక్కడికక్కడే తేల్చేసింది. కాబట్టి ట్రాక్ వైపు గది కావాలని బుకింగ్ కాగితం మీద రాయించుకోవాలి, నోటిమాటను నమ్ముకోకూడదు.

రేసు వారంలో అద్దెలు ఎన్నో రెట్లు పెరుగుతాయి కనుక మధ్యతరగతి కుటుంబానికి ఆ ఆలోచనే అనవసరం. సాయంత్రం ఎండలో మొదలై దీపాల వెలుగులో ముగిసే రేసు అది. మనకూ అబుదాబికీ గంటన్నర తేడా కాబట్టి చీకటి పడ్డాక ఇంట్లో టీవీలోనే హాయిగా చూడవచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ రేసు చూసినవారు, విద్యుత్ కార్ల సన్నని కూతను బట్టి ఫార్ములా వన్ శబ్దాన్ని అంచనా వేయవద్దు. మేమున్నప్పుడు రేసు లేదు, ఎవరో సరదాకు కారు తోలుతున్నారు. ఆ ఒక్క ఇంజను గర్జనకే వంతెన మీద మాట్లాడుతున్నవాళ్లు ఆగిపోయారు. పగటినిద్ర అలవాటున్న పెద్దవారిని తీసుకువెళ్లేవాళ్లు ఇది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

భోజనం గురించి చెప్పవలసినది పెద్దగా లేదు, అన్నం పప్పు కోసం బెంగపడేవారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని నగరంలోకి వెళితే భారతీయ హోటళ్లు కావలసినన్ని ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవారికి ఫెరారీ వరల్డ్ అనే వినోద పార్కే అసలు ఆకర్షణ అయితే, ఆ ద్వీపంలోనే తక్కువ అద్దెకు దొరికే వేరే హోటల్లో దిగి, ఈ భవనాన్ని ఒక సాయంత్రం బయటి నుంచి చూసి రావడం మంచిది. భవన నిర్మాణం మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం ట్రాక్ వైపు గదిని ఒక్క రాత్రికి తీసుకుంటే చాలు. అది కూడా సర్క్యూట్‌ను జనానికి వదిలే సాయంత్రం ఏదో కనుక్కుని, ఆ రోజుకే గది తీసుకోవాలి.