మాడిసన్ ప్రాజెక్ట్ డేటాబేస్ - ఎంఏ క్లాసులో వాడాక నా రివ్యూ

ఎకనామిక్ హిస్టరీ చెప్తూ స్టూడెంట్స్‌తో లెక్కలు కూడా చేయించాలనుకునేవాళ్లు నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ వాళ్ల ఈ డేటాబేస్ (దేశాల పాత తలసరి జీడీపీ, జనాభా అంకెలు) కళ్లు మూసుకుని దించుకోండి, పైసా ఖర్చు లేదు, ఎక్సెల్‌లోనూ స్టాటాలోనూ (లెక్కల సాఫ్ట్‌వేర్) దొరుకుతుంది. 2023 వెర్షన్‌లో 169 దేశాలు, 2022 దాకా, తలసరి జీడీపీ అంతా 2011 ధరల డాలర్లలో.

జనాభా కాలమ్ వేలల్లో ఉంటుంది, అది చూసుకోకుండా తలసరి జీడీపీతో గుణించేస్తారు మనోళ్లు, ఇండియా జీడీపీ మొత్తం వెయ్యో వంతుకి పడిపోయి ఏదో చిన్న దేశం జీడీపీలా వస్తుంది, అయినా ఎవరికీ డౌట్ రాదు 😄

అసలు మజా పాత ఇండియా అంకెల్లోనే. 1884కి ముందు అక్కడో ఏడాదికి ఇక్కడో ఏడాదికి తప్ప లేవు, చుక్కలు కలపమంటే ఎక్సెల్ మాత్రం వాటన్నిటినీ కలిపి నున్నగా గీత గీసి పారేస్తుంది. 1770 బెంగాల్ కరువు ఈ గీతలో ఎక్కడుందో చూపించండ్రా అంటే క్లాసంతా గమ్మునుంటుంది. ఆ ఏడాదికి అంకే లేదు, ఇంక కరువెలా కనపడుతుంది? చుక్కల మధ్య ఊరికే గీసిన గీతకీ, నిజంగా ఉన్న అంకెకీ తేడా చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఎగ్జాంపుల్ దొరకలేదు. లాగ్ స్కేల్ (ఎన్ని రెట్లు పెరిగిందో దాన్ని బట్టి ఎత్తు చూపించే స్కేల్) ఎందుకో కూడా ఇక్కడే చెప్పేయొచ్చు, మామూలు స్కేల్‌లో పాత శతాబ్దాలన్నీ నేలకి అతుక్కుపోతాయి కదా.

మైనస్ ఏంటంటే కూలి రేట్లు, ధరలు ఇందులో ఉండవు, వాటికి వేరే చోట వెతుక్కోవాలి. సోర్సుల షీట్ ఇంగ్లీషులోనే, తెలుగు మీడియం పిల్లలకి పక్కన కూర్చుని చదివి చెప్పాల్సిందే. 4/5.