పెళ్లి ఆల్బమ్‌ని షాపు లైట్ల కింద చూసి ఓకే అనకండి

నెల్లూరులో పెళ్లి ఆల్బమ్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు, మిగతా డబ్బు కట్టే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయను. ఊరు ఊరంతా తెలిసినవాళ్లే.

మా చెల్లెలి పెళ్లి ఆల్బమ్ 12×36 అంగుళాల సైజు, 40 షీట్లు, 22 వేలు. డిజైన్ చూపించిన రోజు మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టి ఉంది. అంత వెలుగులో ఏ ఫోటో అయినా కళగానే ఉంటుంది, ఓకే అనేశాం. ఆల్బమ్ చేతికిచ్చిన రోజు కౌంటర్ మీద నాలుగు పసుపు స్పాట్‌లైట్లు, చుట్టూ గులాబీ రంగు గోడలు. ముఖాలు పచ్చగా మెరిశాయి. మిగిలిన 12 వేలూ కట్టి తెచ్చుకున్నాం.

ఇంట్లో కిటికీ పక్కన తెరిచామో లేదో, "ఇదేందిరా, పిల్ల ముఖం ఇట్టా కమిలిపోయింది?" అంది అమ్మ. ముహూర్తానికి కట్టిన వెంకటగిరి చీర చిలకపచ్చ. ఆల్బమ్‌లో నాచు రంగు. రాత్రి ఫోటోల్లో బావగారి జుట్టూ వెనక తెరా ఒకటే నలుపు.

తిరిగి తీసుకెళ్తే, "మానిటర్‌లో చూసి మీరే ఓకే అన్నారు కదా సార్, మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ తేడా" అన్నాడు. చీర సంచిలో తీసుకెళ్లాను లెండి. షాపు బయట నీడలో రెండూ పక్కపక్కన పరిచాను. అప్పుడేమో, "ఆల్బమ్ ఎవరైనా వీధిలో పెట్టుకుని చూస్తారా సార్?"

ఒంగోలులో ఆఫ్‌సెట్ ప్రెస్సులో చేసే స్నేహితుడికి ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పాడు. ప్రింటు ఏ వెలుతురులో చూడాలో ఐఎస్ఓ 3664 అని ప్రమాణమే ఉందట. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. కావాల్సింది 5000 కెల్విన్ తెల్ల వెలుతురు, డి50 అంటారు. ప్రింటు మీద పడే వెలుతురుకి కొలత లక్స్. రంగులు పోల్చి చూడాలంటే 2000 లక్స్, మామూలుగా చూడ్డానికి 500 లక్స్. లైటు కలర్ రెండరింగ్, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, నూటికి 90కి తగ్గకూడదు, చుట్టూ బూడిద రంగే ఉండాలి. మా షాపులో ఇందులో ఒక్కటీ లేదు. పసుపు లైటు 3000 కెల్విన్ దగ్గర ఉంటుంది, పాలిపోయిన ముఖానికి కూడా అదే రంగు పులిమేస్తుంది. స్పాట్‌లైట్ జోరుకి నల్లబడ్డ ప్రింటు కూడా తేటగా కనిపిస్తుంది. మానిటర్‌ది ఇంకో తంటా. ప్రింటు కోసం దిద్దేవాళ్లు తెర వెలుగుని 80 నుంచి 120 నిట్ల (తెర వెలుగుకి కొలత) దాకా తగ్గించుకుంటారు. ఫుల్లుగా పెట్టుకుని కూర్చుంటే 250 దాటొచ్చు. ఆ వెలుగులో ఫోటో మరీ తెల్లగా ఉందనిపించి తగ్గిస్తారు, కాగితం మీదికి వచ్చేసరికి నల్లబడుతుంది.

కాబట్టి మొత్తం ఆల్బమ్ వేయించే ముందు ఒక్క షీటు ప్రింటు అడగండి, డబ్బు తీసుకున్నా సరే. అందులో పెళ్లికూతురు ముఖం, చీర, ఒక రాత్రి ఫోటో ఉండేలా చూసుకోండి. పగటిపూట బయటికి తెచ్చి, ఎండలో కాకుండా నీడలో, అసలు చీర పక్కన పెట్టి చూడండి. మానిటర్‌ని ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారని, అంటే దాని రంగులూ వెలుగూ కొలిచి ఎప్పుడు సరిచేశారని కూడా అడగండి. మా షాపాయన్ని అడిగితే, "కొత్త మానిటరే సార్" అన్నాడు.

చివరికి 9 షీట్లు సగం డబ్బుకి మళ్లీ వేస్తానన్నాడు. మిగతా 31 అలాగే ఉన్నాయి.